ఎన్‌బీఏ జట్టు కట్టడానికి ఏది మేలు: ఓడిపోవడమా, పిక్‌లు కూడబెట్టడమా, స్టార్లను కొనడమా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్ళను జట్లు ఏటా వరసగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు, ఆ వరసలో వచ్చే వంతే పిక్. సీజన్ చివరి ప్లేఆఫ్స్ దశకు వెళ్ళని జట్లలో ముందు వంతులు ఎవరివో లాటరీ తేలుస్తుంది, ఎక్కువ ఓడిన జట్లకు అవకాశం ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో తన స్టార్ లూకా డాంచిచ్‌ను లేకర్స్ జట్టుకు ఇచ్చేసిన డాలస్ మావరిక్స్, మే నెల లాటరీలో కేవలం 1.8 శాతం అవకాశంతో ఒకటో నంబరు పిక్ కొట్టి కూపర్ ఫ్లాగ్‌ను తెచ్చుకుంది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువ కాబట్టి అప్పటి నుంచి ఒకటే ప్రశ్న: అంతా అదృష్టమే అయితే ఇంకో రెండేళ్ళు కావాలని ఓడిపోతే పోలా?

డాలస్ వరకు జవాబు తేలిక. ఫ్లాగ్ వచ్చేనాటికే ఆ జట్టు 2027 మొదటి రౌండ్ (తొలి 30 వంతుల) పిక్ షార్లట్‌కు రాసిచ్చేసింది, అది మొదటి రెండు స్థానాల్లో పడితే తప్ప. 2028లో ఓక్లహోమాకు, 2030లో శాన్ ఆంటోనియోకు, డాలస్ పిక్ మెరుగ్గా ఉంటే తమ పిక్‌తో మార్చుకునే హక్కు ఉంది. 2029ది హ్యూస్టన్ చేతిలో ఉంది. అలాంటప్పుడు ఓడితే లాభం పక్కవాడికే. మిగతా జట్లకు మాత్రం లెక్క వేరు.

ముందు కావాలని ఓడిపోవడం సంగతి. లాటరీ డబ్బాలో 14 బంతులు, తీసేవి నాలుగు, వచ్చే కూర్పులు 1001. అందులో ఒకటి పక్కన పెట్టి, మిగిలిన వెయ్యిని జట్లకు పంచుతారు. 2019కి ముందు అట్టడుగు జట్టుకు 250 దక్కేవి, పడిపోయినా నాలుగో స్థానం కంటే కిందకు వెళ్ళేది కాదు. 2019 మార్పుతో అవి 140 అయ్యాయి, అదీ కింది మూడు జట్లకూ సమానంగా. ఆ లెక్కలో అట్టడుగు జట్టు ఐదో స్థానానికి జారిపోయే అవకాశం 47.9 శాతం. ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 2023లో డెట్రాయిట్, 2024లో మళ్ళీ డెట్రాయిట్, 2025లో యూటా అందరికంటే ఎక్కువ ఓడాయి, మూడుసార్లూ ఐదో పిక్‌తోనే సరిపెట్టుకున్నాయి. 65 మ్యాచ్‌లు ఓడిన జట్టుకు, 58 ఓడిన జట్టుకు మధ్య తేడా దాదాపు చెరిపేశారు.

పాత నిబంధనల రోజుల్లో కూడా ఈ దారి ఎంత దూరం తీసుకెళ్ళిందో ఫిలడెల్ఫియాను చూస్తే తెలుస్తుంది. జనరల్ మేనేజర్ శామ్ హింకీ హయాంలో 2013 నుంచి 2016 వరకు మూడు సీజన్లలో 246 మ్యాచ్‌లు ఆడి 47 గెలిచారు. చేతికొచ్చిన పిక్‌లకు లోటు లేదు. చిక్కు వాటిని వాడిన తీరులో ఉంది. 2013లో నెర్లెన్స్ నోయెల్, 2014లో జోయెల్ ఎంబీడ్, 2015లో జలీల్ ఒకఫోర్: వరసగా మూడేళ్ళూ సెంటర్లే, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగువాళ్ళే. కోర్టులో మామూలుగా అలాంటివాడు ఒక్కడే ఉంటాడు. ఎంబీడ్ పాదం గాయంతో మొదటి రెండు సీజన్లు కోర్టులోకే దిగలేదు, 2016లో ఒకటో పిక్‌గా వచ్చిన బెన్ సిమన్స్ మొదటి సీజన్ కూడా అలాగే పోయింది. 2017లో మూడో పిక్‌తో పాటు మరో మొదటి రౌండ్ పిక్ కలిపి బోస్టన్‌కు ఇచ్చి, ఒకటో స్థానంలో మార్కెల్ ఫుల్ట్జ్‌ను తీసుకున్నారు. బోస్టన్ ఆ మూడో పిక్‌తో జేసన్ టేటమ్‌ను తీసుకుంది. ఇంత చేసినా ఎంబీడ్, సిమన్స్ కలిసి ఆడిన జట్టు ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్ దాటలేదు.

అచ్చంగా అదృష్టమే చూడాలంటే 1997 శాన్ ఆంటోనియో ఉంది. డేవిడ్ రాబిన్సన్ గాయంతో 20 మ్యాచ్‌లే గెలిచిన ఆ జట్టుకు టిమ్ డంకన్ దక్కాడు. 15 మాత్రమే గెలిచి, చేతిలో రెండు పిక్‌లు పెట్టుకుని, 36 శాతం అవకాశంతో కూర్చున్న బోస్టన్‌కు మూడు, ఆరు స్థానాలు వచ్చాయి. అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడంటారు కదా. కానీ ఐదు టైటిళ్ళకు డంకన్ ఒక్కడే చాలలేదు. 1999లో 57వ పిక్‌తో మను జినోబిలి, 2001లో 28వ పిక్‌తో టోనీ పార్కర్ రావాల్సి వచ్చింది.

నా దృష్టిలో అసలు తేల్చేది పిక్ నంబరు కాదు, ఆ పిక్ ఎవరి ఓటమి మీద ఆధారపడి ఉందన్నది. సొంత పిక్ విలువ పెరగాలంటే సొంత జట్టు ఓడాలి. కుర్రాళ్ళు కాస్త కుదురుకుని 40 మ్యాచ్‌లు గెలిచేసరికి ఆ పిక్ పదిహేనో స్థానం దగ్గరకు జారుతుంది. అందుకే ఓటమి నమ్ముకున్న జట్లు ఎదగాల్సిన సమయంలో వెనకాడతాయి. పక్క జట్టు పిక్‌కు ఆ తంటా లేదు. 2013లో బోస్టన్ 37 ఏళ్ళ కెవిన్ గార్నెట్‌ను, 35 ఏళ్ళ పాల్ పియర్స్‌ను బ్రూక్లిన్‌కు ఇచ్చి 2014, 2016, 2018 మొదటి రౌండ్ పిక్‌లు, 2017లో మార్చుకునే హక్కు తీసుకుంది. 2016లో ఆ దారిన జేలెన్ బ్రౌన్ వచ్చాడు. 2017లో తూర్పు విభాగంలో మొదటి స్థానంలో ఉన్న బోస్టన్ చేతిలోనే లాటరీ ఒకటో పిక్ కూడా ఉంది. దాన్నే ఫిలడెల్ఫియాకు అమ్మి టేటమ్‌ను తెచ్చుకుంది. 2024 టైటిల్‌కు పునాది ఆ ఇద్దరే.

ఓక్లహోమా సిటీ కూడా ఇదే పని చేసింది. 2019 జులైలో పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చి షై గిల్జియస్-అలెగ్జాండర్‌ను, డానిలో గల్లినారిని, ఐదు మొదటి రౌండ్ పిక్‌లను, రెండు మార్పిడి హక్కులను తీసుకుంది. అందులో 2022 పిక్ 12వ స్థానంలో పడి జేలెన్ విలియమ్స్ వచ్చాడు. అదే ఏడాది తమ ఓటములతో సంపాదించిన రెండో పిక్‌తో చెట్ హోమ్‌గ్రెన్‌ను తీసుకున్నారు. అంటే వీళ్ళూ ఓడారు, 22-50, 24-58 (గెలుపు-ఓటమి) చొప్పున రెండేళ్ళు. మూడో ఏడు 40 గెలిచారు, తర్వాత 57, ఆ తర్వాత 68. ఓడటం ఆపగలిగింది పక్కవాళ్ళ పిక్‌లు చేతిలో ఉండబట్టే.

ఇలాంటి బేరంలో చూడాల్సినవి మూడు. ఎదుటి జట్టు ఆటగాళ్ళ వయసు: స్టార్లు ముప్పై దాటిన జట్టు నుంచి నాలుగైదేళ్ళ తర్వాతి పిక్ అడగాలి. ప్రొటెక్షన్: "టాప్-10" అని రాసుంటే పిక్ మొదటి పదిలో పడినప్పుడు మీకు రాదు, అంటే మీరు ఆశపడిన రోజునే చేజారుతుంది. మార్పిడి హక్కు: మీ జట్టు ఎదుటివారి కంటే బాగా ఆడితేనే దానికి విలువ.

సంఖ్య కూడా ముఖ్యమే. 2014లో డెన్వర్ తన 11వ పిక్‌ను షికాగోకు ఇచ్చి 16, 19 తీసుకుంది. 16వ పిక్‌తో యూసుఫ్ నుర్కిచ్ అనే సెంటర్ వచ్చాడు. తర్వాత ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు) అయిన నికోలా యోకిచ్‌ను అదే డ్రాఫ్ట్‌లో 41లో తీసుకుంది. యోకిచ్ ఏమవుతాడో తెలిసుంటే 41 దాకా ఆగేదా? తెలియదు కాబట్టే ఎక్కువ పిక్‌లు కావాలి.

ఓపికకు గడువు కూడా ఉంది. మొదటి రౌండ్ ఆటగాడి తొలి ఒప్పందం నాలుగేళ్ళు. 2025లో టైటిల్ గెలిచిన ఓక్లహోమాలో విలియమ్స్ జీతం 50 లక్షల డాలర్లలోపే. ఆ వేసవిలోనే అతనితో, హోమ్‌గ్రెన్‌తో రాసుకున్న కొత్త ఒప్పందాలు 2026-27 నుంచి అమలయ్యేవి. ఒక్కొక్కరికి క్యాప్‌లో (జట్టు జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో) కనీసం నాలుగో వంతు. లీగ్‌కు, ఆటగాళ్ళ సంఘానికి మధ్య 2023లో కుదిరిన ఒప్పందం జీతాల మొత్తం మీద తెచ్చిన "రెండో ఏప్రన్" అనే పైగీత దాటితే ఇద్దరి జీతాలు కలిపి ఒక ట్రేడ్‌లో పెట్టడం కూడా కుదరదు. అందుకే చవకైన కొత్తవాళ్ళు ఏటా వస్తూనే ఉండాలి. ఇదే జట్టు ఇదే దారిలో ఒకసారి తప్పింది కూడా. 2007, 2008, 2009లో డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్, హార్డెన్‌లను తీసుకుంది. తర్వాత ముగ్గురూ ఎంవీపీలయ్యారు. ఓక్లహోమాకు మాత్రం ఆ ముగ్గురితో ఒక్క టైటిల్ రాలేదు. జీతం దగ్గర బేరం కుదరక 2012లో హార్డెన్‌ను హ్యూస్టన్‌కు పంపేసింది.

స్టార్లను కొనడం ఒక సందర్భంలో పనిచేస్తుంది: సొంతంగా పెంచుకున్న జట్టుకు ఒక్కడే తక్కువైనప్పుడు. 15వ పిక్‌గా వచ్చిన యానిస్ చుట్టూ కట్టిన మిల్వాకీ, 2020లో జ్రూ హాలిడేను తెచ్చుకుని మరుసటి ఏడు టైటిల్ గెలిచింది. ఫీనిక్స్ మాత్రం 2023లో డ్యురాంట్ కోసం మికల్ బ్రిడ్జెస్‌ను, క్యామ్ జాన్సన్‌ను, నాలుగు మొదటి రౌండ్ పిక్‌లను బ్రూక్లిన్‌కు ఇచ్చేసింది. 2024-25లో 36 గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్ళలేదు. ఆ ఓటముల ఫలమైన పదో పిక్ బ్రూక్లిన్ నుంచి చేతులు మారి హ్యూస్టన్‌కు చేరింది. డ్యురాంట్‌ను హ్యూస్టన్‌కు పంపినప్పుడు తిరిగొచ్చిన వాటిలో ఆ పిక్ కూడా ఒకటి. తన సరుకును తనే మళ్ళీ కొనుక్కున్నట్టయింది.

ఇక ఫ్రీ ఏజెంట్ల దారి, అంటే ఒప్పందం ముగిసి నచ్చిన జట్టుకు వెళ్ళగల ఆటగాళ్ళను తెచ్చుకోవడం. 2010లో మయామీకి లెబ్రాన్, బాష్ వచ్చినట్టు అందరికీ రారు. చిన్న ఊళ్ళకు అసలే రారు. ఓక్లహోమా 2024లో మూడేళ్ళకు 8.7 కోట్ల డాలర్లిచ్చి ఐసేయా హార్టెన్‌స్టైన్‌ను తీసుకోగలిగిందంటే, మిగతా కుర్రాళ్ళు ఇంకా చవకగా ఉండటం వల్లే.