నెల్లూరు బ్రోకరు, కావలి మెకానిక్కు, మధ్యలో ఒక పాత ఫియట్

పాత ఫియట్ కొందామని నెల్లూరు వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. ఫోటోలో ముందు డోరు హ్యాండిల్ కనిపించకపోతే ఎవరికీ రూపాయి పంపకండి. మా బావమరిది టోకెన్ కింద 1,000 పంపాడు. "1958 మోడల్, ఫుల్ ఒరిజినల్, ఉల్టా డోర్లు" అని బ్రోకరు రాసిన ముక్కలకే వాడికి నిద్ర పట్టలేదు. ఉల్టా డోరంటే మామూలుకు ఎదురుగా, ముందు వైపు నుంచి తెరుచుకునేది. పంపిన ఫోటోల్లో ఒకటి ముందు గ్రిల్, ఇంకోటి వెనక డిక్కీ. పక్క నుంచి తీసింది ఒక్కటీ లేదు. అడిగితే "ముందు టోకెన్ కొట్టండి సార్, ఊరికే చూసి పోయేవాళ్లు ఎక్కువైపోయారు" అన్నాడట.

మామయ్యను కూడా బయల్దేరదీశాం. కుర్రతనంలో ఆయన ఒంగోలులో ఒక పొగాకు షావుకారు దగ్గర డ్రైవరు. ఆ షావుకారుది ఈ రకం బండే. విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కాం, టైముకి నెల్లూరులో దిగాం.

లాడ్జి దగ్గర మొదలైంది గొడవ. స్టేషన్‌కు దగ్గరని బుక్ చేశాం. ఫోన్‌లో చూపించిన రేటు 1,400. కౌంటర్‌లో కూర్చున్న అతను తల ఎత్తకుండానే "ముగ్గురు కదా, 1,900" అన్నాడు. బుకింగ్‌లో ముగ్గురనే ఉంది, చూపించాం. "అది వాళ్ల లెక్క, ఇది మా లెక్క" అన్నాడు. ఏసీ రిమోట్ ఇవ్వడానికి 300 డిపాజిట్. ఆ రిమోట్‌లో బ్యాటరీలు లేవు. కింద కొట్లో 40 పెట్టి మేమే కొన్నాం. తీరా ఏసీ వేస్తే గాలి వచ్చింది కానీ చల్లదనం రాలేదు. బాత్రూమ్ తలుపు గడియ పడదు, లోపల ఉన్నవాళ్లు కాలుతో అడ్డం పెట్టుకోవాలి. మర్నాడు ఖాళీ చేసేటప్పుడు టవల్ మీద మరక ఉందని డిపాజిట్‌లో 100 కోసుకున్నాడు. ఆ మరక మేం రాకముందే ఉందని మామయ్య గొంతు పెంచితే "పెద్దవారు, బీపీ పెంచుకోకండి" అని సలహా ఒకటి. నెల్లూరులో ఉండాలంటే ఇంకో 500 ఎక్కువైనా సరే, స్టేషన్‌కు దూరంగా వెతుక్కోండి.

మధ్యాహ్నం ఒక మెస్‌లో తిన్న చేపల పులుసు మాత్రం ఆ కోపాన్ని సగం దించింది. ప్లేటు 220. పులుపు నాలుక మీద నిలబడుతోంది, మామిడికాయ ముక్క పులుసులో కరిగిపోయి టెంక మిగిలింది. మామయ్య అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. బావమరిది వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు.

బండి ఊరి బయట ఒక రేకుల షెడ్డులో ఉంది. ఆటోకు 180. బ్రోకరు కవరు లాగాడు. క్రీమ్ రంగు, కొత్త పెయింటు, నిగనిగ. బావమరిది మొహం వెలిగిపోయింది. మామయ్య మాత్రం మాట్లాడకుండా డ్రైవరు వైపు నడిచి, ముందు చక్రం మడ్‌గార్డు దాటగానే డోరు మొదట్లో చెయ్యి వేశాడు. అక్కడ ఏమీ లేదు, ఉత్త రేకు. ఆ చెయ్యి అలాగే ఒక క్షణం రేకు మీద ఉండి, తర్వాత ముందు, వెనక డోర్ల మధ్యనుండే నడిమి పిల్లర్ దగ్గరున్న హ్యాండిల్ వైపు జరిగింది.

"అబ్బాయ్, ఇది పద్మినిరా" అన్నాడు.

ఫియట్ 1100ను 1953లో జెనీవా షోలో బయటపెట్టారు. మన దగ్గర బొంబాయి ప్రీమియర్ వాళ్లు చేశారు. తొలి రోజుల బండ్లకు ముందు డోర్ల బందులు నడిమి పిల్లర్‌కు ఉండేవి. అంటే ముందు డోరు, వెనక డోరు రెండూ ఒకే పిల్లర్‌ను పట్టుకుని, పుస్తకంలా రెండు పక్కలకీ తెరుచుకుంటాయి. కాబట్టి ముందు డోరు హ్యాండిల్ ముందుకొసన ఉంటుంది. 1964లో డిలైట్ అనే మోడల్ వచ్చేసరికి బందులు ముందుకు, హ్యాండిల్ వెనక్కి. ఆ బాడీయే తర్వాత పేర్లు మార్చుకుంటూ 1974లో పద్మిని అయింది.

లోపల చూస్తే గేరు రాడ్డు కింద ఫ్లోర్ మీద ఉంది. పాత ఫియట్‌కు గేరు స్టీరింగ్ పక్కనే. ఇది పద్మినిల్లో కూడా చివరి రోజులది. బ్రోకరు తడుముకోలేదు. "సేఫ్టీ కోసం డోర్లు తిప్పించాం సార్" అన్నాడు. చెప్పిన రేటు 6,50,000. బందులు అటునుంచి ఇటు మార్చాలంటే ముందు పిల్లర్ కోసి బలం చేర్చాలి, లాకు నడిమి పిల్లర్‌కు తేవాలి, డోరు రేకే వేరేది చెయ్యాలి. మామయ్య ఇదంతా చెబుతుంటే బ్రోకరు ఫోన్ వచ్చినట్టు పక్కకు వెళ్లాడు. టోకెన్ తిరిగి అడిగితే "షెడ్డు తీసి చూపించాం కదా సార్" అన్నాడు. బావమరిది రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున మైపాడు బీచ్. బాగుంది, ఎండ రాకముందే వెళ్లండి.

కావలిలో దిగాలన్నది మామయ్య పట్టు. అక్కడ ఆయన పాత స్నేహితుడికి తెలిసిన మెకానిక్ దగ్గర అసలు బండి ఉందని రాత్రే ఫోన్‌లో తెలిసింది. ఒక రైస్ మిల్లు ఓనరుది, బ్రేకుల పనికి వచ్చింది. రంగు వెలిసింది, సీటు చిరిగింది, కానీ హ్యాండిల్ ఉండాల్సిన చోటే ఉంది.

మెకానిక్‌కు అరవై దాటి ఉంటాయి. "ఏంది పెద్దాయనా, చూస్తా నిలబడ్డావు, కూర్చో" అని తనే డోరు తీశాడు. మామయ్య వెనక్కి తిరిగి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, కాళ్లు లోపలికి లాక్కున్నాడు. ఎక్కడా వంగలేదు, మోకాలు ఎక్కడా తగల్లేదు. చీర కట్టుకున్న ఆడవాళ్లకు, ముసలివాళ్లకు ఇంతకంటే సుఖమైన డోరు లేదని షావుకారు గారి భార్య అనేదట.

మరి ఎందుకు మార్చారు? మెకానిక్ డోరు సగం తెరిచి పట్టుకుని చూపించాడు. బండి పోతుండగా లాకు ఊడితే మామూలు డోరును గాలి మూసేస్తుంది. ఈ డోరు సందులోకి గాలి దూరి ఒక్క తోపులో విసిరేస్తుంది. అప్పట్లో సీటు బెల్టులు ఎక్కడివి? పట్టుకుని మూద్దామని చెయ్యి చాపినవాడు కూడా దానితోపాటే పోతాడు. ఇంగ్లీషులో వీటికి సూసైడ్ డోర్లని పేరు అందుకే. ఫియట్ వాళ్లు చిన్న బండి 500కు కూడా 1957 నుంచి ఇవే పెట్టి 1965లో తిప్పేశారు. ఈ బండికి లాకు అరిగి, డోరు మూస్తే రెండోసారికి గాని పడటం లేదు. మిల్లు ఓనరు లోపల నైలాన్ తాడు కట్టుకున్నాడు, హైవే ఎక్కితే దాన్ని సీటు కింద కడ్డీకి ముడేస్తాడట.

కొనేవాళ్లకు మెకానిక్ చెప్పిన ఇంకో సంగతి. 2021 నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో వీఏ అని వస్తుంది. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000, పదేళ్లు పనిచేస్తుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. బ్రోకరు చెప్పినట్టు డోర్లు తిప్పించిన బండి నిజంగానే ఉంటే, దానికి ఆ నంబరు రావడం కష్టమే.

గంటన్నర కూర్చోబెట్టి మాట్లాడినందుకు 500 ఇవ్వబోతే తీసుకోలేదు. టీలు కూడా ఆయనే తెప్పించాడు. బావమరిది ఉండబట్టలేక "ఓనరు గారు అమ్ముతారా?" అని అడిగాడు. "ఆయన పెళ్లికి ఊరేగింది దీంట్లో. ఆ మాట నేను అడగను, నువ్వూ అడగబాక" అన్నాడు మెకానిక్. సాయంత్రం పినాకినిలో బావమరిది మళ్లీ ఫోన్ తీశాడు. ఈసారి మామయ్య కళ్లద్దాలు పెట్టుకుని పక్కన కూర్చుని, ప్రతి ఫోటోనూ డోరు దగ్గర పెద్దది చేయించి చూస్తూ వచ్చాడు.