కారు వెనక సీటుకి కుక్కల హ్యామక్ కవర్: వరంగల్ నుంచి బాపట్ల బీచ్ దాకా ఆగుతుందా?

హనుమకొండ, కరీంనగర్ పెట్ షాపుల్లో బాగా అమ్ముడుపోతున్న సరుకు ఇది. ముందు హెడ్‌రెస్టులకు రెండు పట్టీలు, వెనక హెడ్‌రెస్టులకు రెండు పట్టీలు బిగిస్తే వెనక సీటంతా తొట్టిలా అయిపోతుంది. పైన ఆక్స్‌ఫర్డ్ అనే దళసరి గుడ్డ, మధ్యలో పల్చటి దూది, అడుగున జారకుండా రబ్బరు చుక్కలు. సీటును కాపాడే పనిలో దీనికి మంచి మార్కులే వేయొచ్చు. కుక్క భద్రతకు మాత్రం విడిగా ఖర్చు పెట్టక తప్పదు. ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా ఉండదు.

బిగించేటప్పుడు ఎక్కువమంది వదిలేసేది సీటు సందులో దూర్చే రెండు గొట్టాలు. వాటిని వీపు భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య పూర్తిగా లోపలికి తోసి, అడ్డంగా తిప్పాలి. లేదంటే లాబ్రడార్ ఒక్కసారి దూకి ఎక్కగానే కవర్ మొత్తం ముందుకు వచ్చేస్తుంది. వెనక హెడ్‌రెస్టులు ఊడిరాని కార్లలో పై పట్టీలు పట్టు దొరక్క జారుతుంటాయి. కొనేముందు మీ కారు సీటు వెడల్పు టేపుతో కొలుచుకోండి. కవర్ వెడల్పు ఎక్కువైతే తలుపు దగ్గర మడతపడి లాక్‌లో ఇరుక్కుంటుంది.

అసలు లోపం ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ మీదుగా ఖమ్మం పోయే 563 జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు, వరి కోతలప్పుడు ఆరబోసిన వడ్లు, ఉన్నట్టుండి అడ్డమొచ్చే గొర్ల మందలు మామూలే. బ్రేకు పడగానే కుక్క ముందుకు జారి ఆ ఖాళీలో పడుతుంది, కింద గుడ్డ తప్ప ఆధారం ఉండదు. కాలు మెలిపడేది అక్కడే. ఆ సందులో సీటు ఎత్తుకు సరిపోయేలా మెత్తటి బ్యాగు, మడిచిన బొంత కుక్కి పైన కవర్ పరిస్తే సమస్య తీరుతుంది. గట్టి అట్టతో అడుగు చేసిన రకాలూ దొరుకుతున్నాయి, ధర ఎక్కువైనా 20 కిలోలు దాటిన కుక్కకు అవే నయం.

కవర్‌తోపాటు ఇచ్చే, కుక్కను సీటుబెల్టుకు కట్టే పట్టీని దాని మెడ పట్టీకి తగిలించొద్దు. సడన్ బ్రేకు దెబ్బంతా గొంతు మీద పడుతుంది. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొని, దాని వీపు మీది రింగుకు తగిలించాలి. కుక్క పడుకోగలగాలి, ముందు సీట్ల మధ్యకు రాకూడదు. పట్టీ పొడవు అంతే. ఫ్రీగా వచ్చే కొక్కేలు చాలావరకు పల్చటి పోత సరుకు, చేత్తో లాగి చూస్తేనే నోరు తెరుస్తాయి.

మధ్యలో జాలీ కిటికీ లేని కవర్ మన ఎండలకు దండగ. ముందునుంచి వచ్చే ఏసీ గాలిని గుడ్డ అడ్డుకుంటుంది, వెనక ఉక్కపోస్తుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇది ప్రాణాపాయం. నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ చిక్కబడి, రొప్పడం ఆగకపోతే వెంటనే బండి ఆపి ఒళ్లు తడిపి గాలి తగలనివ్వాలి. ఆపైన డాక్టరు దగ్గరికి. టీ తాగి వద్దామని అద్దాలు మూసి కారులో వదిలేయడం పది నిమిషాలైనా వద్దు.

కవర్‌లోంచి నీళ్లు దిగవని అమ్మేవాళ్లు చెప్పే మాట సగమే నిజం. గుడ్డ ఆపుతుంది, కుట్లు ఆపవు, సీటుబెల్టు కోసం పెట్టిన చీలిక అసలే ఆపదు. ఇంట్లోనే కుట్టు మీద గ్లాసెడు నీళ్లు పోసి, కింద పాత పేపరు పరిచి పది నిమిషాలు చూడండి. తడిస్తే వాపసు ఇచ్చేయండి. బాపట్ల దగ్గరి సూర్యలంకలోనో, చీరాల వాడరేవులోనో ఆడుతూ ఉప్పునీళ్లు మింగిన కుక్క తిరుగు దారిలో కక్కుతుంది, విరేచనాలూ పెట్టుకుంటుంది. ఆడించేటప్పుడే మంచినీళ్ల గిన్నె దగ్గర పెట్టుకోండి. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకపోతే సగం గొడవ తప్పుతుంది. జాలర్లు ఒడ్డున పారేసిన చేపల దగ్గరికి పోనివ్వొద్దు. వాటిలో పొట్ట ఉబ్బించుకునే పఫర్ చేప ఉంటే అది ఎండినా విషమే.

బీచ్ నుంచి వచ్చాక కుక్కను మంచినీళ్లతో కడిగి, తుడిచి ఎక్కించాలి. కవర్ జిప్పులో ఇసుక దూరితే లాగకుండా పాత టూత్ బ్రష్‌తో దులపండి, లాగితే పళ్లు ఊడతాయి. ఉప్పు తగిలిన కొక్కేలను ఆరోజే కడగకపోతే తుప్పు పడతాయి. వాషింగ్ మెషిన్‌లో వేస్తే అడుగు పూత పొరలుగా లేస్తుంది. చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. ముందుగా తెగేది పట్టీ కుట్టు. దానికోసం కొత్త కవర్ కొనక్కర్లేదు, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర నైలాన్ దారంతో అడ్డంగా నాలుగు కుట్లు వేయిస్తే మొదటికన్నా గట్టిగా ఉంటుంది.