కంబైన్డ్ లోడింగ్ లెక్కలకు క్రాస్ ప్రొడక్ట్ పట్టిక: చాలాకాలం వాడాక

స్తంభం, వంగిన రాడ్, క్రాంక్ లాంటి వాటి మీద మూడు దిక్కుల నుంచీ బలాలు పడితే (దీన్నే కంబైన్డ్ లోడింగ్ అంటారు) స్ట్రెస్, అంటే లోపల ఒక్కో చదరపు మి.మీ. మీద పడే బలం, కనుక్కోవడానికి మన కాలేజీల్లో రెండు దారులు నడుస్తున్నాయి. మొదటిది, ఒక్కో బలాన్నీ బొమ్మలో చూస్తూ కుడిచేతి బొటనవేలు తిప్పి, ‘ఇది ఇటు వంచుతుంది, అది అటు మెలిపెడుతుంది’ అని రాసుకుంటూ పోవడం. రెండోది, కోసిన సెక్షన్ సెంట్రాయిడ్ (ఆ ఆకారం మధ్యబిందువు) దగ్గర ఆరిజిన్ పెట్టి, ప్రతి బలానికీ స్థాన వెక్టర్ (ఆరిజిన్ నుంచి బలం పడే చోటికి ఉన్న దూరాలు) రాసి, రెండింటి క్రాస్ ప్రొడక్ట్ తీసి, వచ్చిన మూడు బలాలనూ మూడు మొమెంట్లనూ (తిప్పే ప్రభావాలనూ) పట్టికలో వేసుకోవడం. అనంతపురంలో ఇంజనీరింగ్ పిల్లలకు ఈ సబ్జెక్టు చెబుతూ రెండో దారిని చాలాకాలంగా వాడుతున్నాను. బలాల నుంచి మొమెంట్ల దాకా దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. మొమెంట్ల నుంచి స్ట్రెస్‌ల దాకా మాత్రం దీన్నే పట్టుకుని పోతే మునిగిపోతారు. అక్కడ బొమ్మే దిక్కు.

పిల్లలు ఈ లెక్కలో ఫార్ములా తెలియక మార్కులు పోగొట్టుకోవడం అరుదు. పీ బై ఏ (బలం బై ఏరియా), ఎమ్ వై బై ఐ (వంచడం వల్ల వచ్చే స్ట్రెస్), టీ ఆర్ బై జే (మెలిపెట్టడం వల్ల వచ్చేది) అందరికీ వచ్చు. ఇందులో ఐ, జే సెక్షన్ ఆకారాన్ని బట్టి వచ్చే సంఖ్యలు. పోయేదంతా గుర్తుల్లో, ఏ మొమెంట్ ఏ బిందువు దగ్గర పనిచేస్తుందన్న దాంట్లో.

ఒక లెక్క పట్టుకుంటే విషయం తేలుతుంది. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒంటి స్తంభానికి ఒక పక్కకే బిగించిన బోర్డును తలచుకోండి. స్తంభం బయటి వ్యాసం 200, లోపలి వ్యాసం 180 మి.మీ. ఉన్న స్టీలు పైపు. వై పైకి, ఎక్స్ రోడ్డు వైపు బోర్డు ఉన్న దిక్కుకు, జడ్ గాలికి ఎదురుగా. బోర్డు మధ్యబిందువు నేల నుంచి 5 మీటర్ల ఎత్తున, స్తంభం నుంచి 1.2 మీటర్ల పక్కన ఉంది. బోర్డు బరువు 1.2 కిలోన్యూటన్. గాలి 3 కిలోన్యూటన్ల బలంతో మైనస్ జడ్ వైపు తోస్తోంది. స్తంభం సొంత బరువు దాదాపు 2.3 కిలోన్యూటన్లు. స్ట్రెస్ కావలసింది అడుగున.

స్థాన వెక్టర్ (1.2, 5, 0). బలం (0, −1.2, −3). క్రాస్ ప్రొడక్ట్ తీస్తే ఎక్స్ చుట్టూ −15, వై చుట్టూ +3.6, జడ్ చుట్టూ −1.44 కిలోన్యూటన్ మీటర్లు. ఇక్కడ డిటర్మినెంట్ వేసి మధ్య పదానికి మైనస్ పెట్టడం మరిచిపోయేవాళ్లు చాలామంది. అందుకే నేను డిటర్మినెంట్ వేయించను. వరుసగా తిప్పి రాయిస్తాను: మొదటిది వై జడ్ మైనస్ జడ్ వై, రెండోది జడ్ ఎక్స్ మైనస్ ఎక్స్ జడ్, మూడోది ఎక్స్ వై మైనస్ వై ఎక్స్. ప్రతి జంటలో ముందున్నది స్థాన వెక్టర్‌ది, వెనకున్నది బలానిది. గుర్తుపెట్టుకోవాల్సిన మైనస్ ఏదీ మిగలదు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది దీనికున్న సొంత తనిఖీ. ఒక్క బలం తాలూకు మొమెంట్ ఆ బలానికీ, స్థాన వెక్టర్‌కూ కూడా లంబంగా ఉండి తీరాలి. అంటే రెండు డాట్ ప్రొడక్టులూ సున్న కావాలి. పై లెక్కలో స్థాన వెక్టర్‌తో: 1.2 × (−15) + 5 × 3.6 = −18 + 18 = 0. బలంతో: (−1.2) × 3.6 + (−3) × (−1.44) = −4.32 + 4.32 = 0. అర నిమిషం పని, బొటనవేలు పద్ధతిలో ఇలాంటిది లేదు. దీనికీ రెండు హద్దులున్నాయి. ఒక్కో బలానికి విడిగా చూడాలి, అన్నీ కూడాక చూస్తే సున్న రాదు. ఇక బలాన్ని ముందు, స్థాన వెక్టర్‌ను వెనక రాసి క్రాస్ తీస్తే అన్ని గుర్తులూ తలకిందులవుతాయి గానీ డాట్ ప్రొడక్ట్ మాత్రం సున్నగానే ఉంటుంది. ఆ తప్పును ఈ తనిఖీ పట్టదు.

ఈ తనిఖీ పట్టలేని తప్పు మరొకటి ఉంది, యాక్సిస్‌లను ఎడమచేతి వాటంగా గీయడం. ఎక్స్ నుంచి వై వైపు కుడిచేతి వేళ్లు మడిస్తే బొటనవేలు జడ్ వైపు చూపాలి. బొమ్మ గీసిన మరుక్షణం ఇది చూసుకోవాలి. లెక్క సగానికి వచ్చాక చూస్తే పేజీ మొత్తం కొట్టేయాల్సి వస్తుంది.

ప్రశ్నలో బలంతో పాటు కపుల్ (తోసేయకుండా తిప్పడం మాత్రమే చేసే బలాల జంట) కూడా ఇచ్చి ఉంటే దానికి స్థాన వెక్టర్ అక్కరలేదు, నేరుగా మొమెంట్ల వరుసలో కలిపేయడమే. పరచుకున్న లోడ్ అయితే కోతకు అవతల ఉన్న భాగాన్నే తీసుకుని, దాని సెంట్రాయిడ్ దగ్గర ఒక బలంగా పెట్టాలి.

ఇక కోసిన తర్వాత ఏ ముక్కను ఉంచుకోవాలి? పై ముక్క మీది లోడ్లతో తీసిన మొమెంట్, పై ముక్క కింది ముక్క మీద చేసే పని. కింది ముక్క కోత ముఖం పైకి, ప్లస్ వై వైపు చూస్తోంది. కాబట్టి వచ్చిన సంఖ్యల గుర్తులు ఆ ముఖం మీద ఉన్నవి ఉన్నట్టే పనికొస్తాయి. సపోర్ట్ రియాక్షన్లు (ఆధారం తిరిగి తోసే బలాలు) కనుక్కుని వాటితో మొదలుపెట్టే వాళ్లు గుర్తులను మార్చాలి, సగం మంది మార్చరు. ఒక చివర బిగించి, మరో చివర వదిలేసిన మెంబర్‌లో (స్తంభం, కమ్మీ లాంటి భాగంలో) రియాక్షన్ల జోలికి పోకుండా, వదిలేసిన చివర నుంచే రమ్మంటాను.

పట్టిక చదవడంలో ఇంకో గోతి ఉంది. వై చుట్టూ మొమెంట్ అంటే టార్షన్ (మెలి) అని కంఠస్థం పట్టేవాళ్లు అందులోనే పడతారు. అది స్తంభానికి మాత్రమే నిజం. ఇదే బోర్డును పట్టుకున్న అడ్డకమ్మీని స్తంభం మొదట్లో కోస్తే స్థాన వెక్టర్ (1.2, 0, 0), మొమెంట్ (0, 3.6, −1.44). అక్కడ మెంబర్ యాక్సిస్ ఎక్స్. టార్షన్ సున్న, మిగతా రెండూ బెండింగే. అంటే కమ్మీని వంచిన 3.6 స్తంభంలోకి దిగాక దాన్ని మెలిపెడుతోంది. వంగిన రాడ్లలో కాలు మారిన ప్రతిసారీ, పట్టిక పైన ‘ఇక్కడ మెంబర్ యాక్సిస్ ఇది’ అని రాసుకోవాలి. దాని వెంబడి ఉన్న బలం యాక్సియల్ (పొడవునా నొక్కేది లేదా లాగేది), మొమెంట్ టార్షన్; మిగతా బలాలు షియర్ (అడ్డంగా కోసేవి), మిగతా మొమెంట్లు బెండింగ్ (వంచేవి). ఈ ఒక్క వాక్యం రాసేవాళ్లు తప్పు చేయడం నేను పెద్దగా చూడలేదు.

ఇంతవరకూ పద్ధతి బంగారం. ఇక్కడి నుంచి జాగ్రత్త.

పైపుకు ఏరియా 5969 చదరపు మి.మీ., ఐ 2.701 కోట్ల మి.మీ. నాలుగో ఘాతం, జే దానికి రెట్టింపు, 5.402 కోట్లు. లెక్క మొత్తం న్యూటన్, మిల్లీమీటర్లలోకి తెచ్చుకుంటే స్ట్రెస్ నేరుగా మెగాపాస్కల్‌లో వస్తుంది. కిలోన్యూటన్ మీటర్‌ను 10 లక్షలతో గుణించాలి, వెయ్యితో కాదు. విడివిడిగా చూస్తే: యాక్సియల్ −0.59. ఎక్స్ చుట్టూ బెండింగ్ వల్ల గరిష్ఠం 55.54, జడ్ చుట్టూ బెండింగ్ వల్ల 5.33. టార్షన్ వల్ల 6.66. గాలి తాలూకు షియర్ వల్ల గరిష్ఠం 1.00. అన్నీ మెగాపాస్కల్‌లోనే.

ఇప్పుడు 55.54కు 5.33 కలిపి 60.87 అని రాసేస్తే తప్పు. మొదటిది జడ్ చివరన, రెండోది ఎక్స్ చివరన. ఒకే బిందువు దగ్గర ఆ రెండూ గరిష్ఠం కావు. గుండ్రటి సెక్షన్ కాబట్టి రెండు మొమెంట్లనూ వెక్టర్లుగా కలపాలి. 15, 1.44 కలిస్తే 15.07, దాని స్ట్రెస్ 55.79. అది వచ్చే బిందువు జడ్ యాక్సిస్ నుంచి దాదాపు 5.5 డిగ్రీలు పక్కకు, బోర్డుకు అవతలి వైపుకు జరిగి ఉంటుంది. చతురస్రం, దీర్ఘచతురస్రం అయితే ఈ కలపడం పనికిరాదు. మూలకు వెళ్లి రెండు బెండింగ్ స్ట్రెస్‌లనూ కూడాల్సిందే, అక్కడ కూడటమే ఒప్పు.

గుర్తుల విషయంలో అక్షరాల ఫార్ములాను నమ్మొద్దు. ప్లస్ మైనస్‌లు పెట్టిన పొడవాటి సూత్రం ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది, యాక్సిస్‌లు వేరు కాబట్టి. ‘ఈ మొమెంట్ ఏ పక్కను సాగదీస్తుంది?’ అని అడిగితే చాలు. గాలి మైనస్ జడ్ వైపు తోస్తోంది, కాబట్టి గాలి తగిలే ప్లస్ జడ్ పక్క సాగుతుంది: టెన్షన్. బోర్డు ప్లస్ ఎక్స్ వైపు వేలాడుతోంది, కాబట్టి ఆ పక్క నలుగుతుంది: కంప్రెషన్. ఎక్స్ చుట్టూ తిప్పే మొమెంట్‌కు న్యూట్రల్ యాక్సిస్ (సాగకుండా, నలగకుండా ఉండే గీత) ఎక్స్ యాక్సిసే, దూరం జడ్‌లో కొలవాలి. ఎక్స్ మొమెంట్‌ను ఎక్స్ దూరంతో గుణించే పొరపాటు జవాబు పత్రాల్లో విసుగు రాకుండా కనబడుతూనే ఉంటుంది.

షియర్ దగ్గర బొమ్మ లేకుండా ఒక్క అడుగు కూడా వేయలేం. సెక్షన్‌ను పైనుంచి చూస్తున్నట్టు ఒక వలయం గీసి, టార్షన్ బాణాలు చుట్టూ వేయాలి. ప్లస్ ఎక్స్ బిందువు దగ్గర టార్షన్ బాణం మైనస్ జడ్ వైపు ఉంటుంది. గాలి షియర్ కూడా మైనస్ జడ్ వైపే. కాబట్టి అక్కడ రెండూ కలిసి 7.67. మైనస్ ఎక్స్ దగ్గర టార్షన్ బాణం ప్లస్ జడ్ వైపు తిరుగుతుంది, గాలి షియర్ మారదు, కాబట్టి 5.66. ఎక్స్ చుట్టూ బెండింగ్ గరిష్ఠంగా ఉండే ప్లస్ జడ్ దగ్గర ఆ గాలి షియర్ సున్న, టార్షన్ 6.66 మాత్రమే. పలచని పైపులో షియర్ గరిష్ఠం సగటుకు దాదాపు రెండింతలు, ఘన వృత్తంలో మూడింట నాలుగు వంతులు, దీర్ఘచతురస్రంలో ఒకటిన్నర. పొడవాటి మెంబర్లలో ఇది చిన్నదే, కానీ పొట్టి క్రాంక్‌లో వదిలేయకూడదు.

ప్లస్ జడ్ బిందువు దగ్గర సిగ్మా (స్తంభం పొడవునా ఉన్న స్ట్రెస్) 54.95, టౌ (షియర్ స్ట్రెస్) 6.66. మోర్స్ సర్కిల్ (సిగ్మా, టౌలను కలిపి చూపే వృత్తం) వేస్తే వ్యాసార్ధం 28.27, ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు (షియర్ లేని తలాల మీది గరిష్ఠ, కనిష్ఠ స్ట్రెస్‌లు) 55.75, −0.80. వాన్ మీసెస్ (స్టీలు లొంగిపోతుందా అని చూసే ఒక్క సంఖ్య) 56.15. పిల్లలు ఇక్కడ చేసే పని, ఏ బిందువుకైనా ఎలిమెంట్ (ఆ బిందువు దగ్గర గీసే చిన్న చదరం) మీద ఎక్స్, వై అనే రాయడం. ప్లస్ జడ్ బిందువు దగ్గర ఉపరితలం జడ్ వైపు చూస్తుంది కాబట్టి ఎలిమెంట్ ఎక్స్ వై తలంలో ఉంటుంది. ప్లస్ ఎక్స్ బిందువు దగ్గర అది వై జడ్ తలం. రెండు ప్రిన్సిపల్ స్ట్రెస్‌లూ టెన్షనే అయితే, ఉదాహరణకు లోపల ప్రెషర్ ఉన్న పైపులో, గరిష్ఠ షియర్ సర్కిల్ వ్యాసార్ధం కాదు. ఉపరితలం మీది మూడో ప్రిన్సిపల్ స్ట్రెస్ సున్నను కూడా లెక్కలోకి తీసుకుని, పెద్దదానిలో సగం రాయాలి.

వెక్టర్ మోడ్ ఉన్న కాలిక్యులేటర్ చేతిలో ఉంటే నాలుగైదు బలాలున్న లెక్కల్లో పని తొందరగా అవుతుంది. గేట్ పరీక్షలో మాత్రం తెర మీద ఇచ్చే కాలిక్యులేటరే, దాంట్లో వెక్టర్ మోడ్ లేదు. ఒకటే బలమున్న చిన్న ప్రశ్నకు అక్కడ బొటనవేలు పద్ధతే త్వరగా ముగుస్తుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

చివరగా, పట్టిక సెక్షన్ ఆకారం గురించి ఏమీ చెప్పదు. టీ ఆర్ బై జే గుండ్రటి సెక్షన్‌కే. మూసుకున్న పలచని గోడల పెట్టెకు టార్క్‌ను మధ్యగీత లోపలి ఏరియా, మందం, రెండు, ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. మన పైపుకే అలా చేస్తే 6.35 వస్తుంది. గోడ మధ్యలో ఉండే విలువకు అది సరిపోతుంది. అదే పైపును పొడవునా చీల్చితే జే 5.4 కోట్ల నుంచి దాదాపు 2 లక్షలకు పడిపోతుంది, టార్షన్ షియర్ 181 మెగాపాస్కల్‌కు ఎగబాకుతుంది. స్తంభం అడుగున వైర్ల కోసం కోసే చిన్న కిటికీ అంత చేటు చేయదు. కానీ దాని అంచుల్లో స్ట్రెస్ గుమిగూడుతుంది, అందుకే చుట్టూ మందపు పట్టీ వెల్డ్ చేస్తారు. ఆ కిటికీని ఎటువైపు పెట్టాలో పై పట్టికే చెబుతుంది: బోర్డుకు వెనక పక్క, మైనస్ ఎక్స్ దగ్గర. అక్కడ సిగ్మా 4.74, టౌ 5.66 మాత్రమే. గాలి ఎదురు తిరిగినా టార్షన్, షియర్ రెండూ కలిసే గుర్తు మార్చుకుంటాయి కాబట్టి ఆ పక్క తేలికగానే ఉంటుంది.