పడేయమన్న ల్యాప్‌టాప్‌కి నోరొచ్చింది: ఎన్‌వీడీఏ వాడాక నా రివ్యూ

నాకు చూపు పూర్తిగా లేదు, కంప్యూటర్ అంటే నాకు చెవి, వేళ్లు అంతే. మా అన్నయ్య వాడి పక్కన పెట్టేసిన ల్యాప్‌టాప్ ఒకటి నాకొచ్చింది, విండోస్ 7, 2 జీబీ ర్యామ్, స్క్రీన్ మీద గీతలు పడ్డాయంట. రిపేర్‌కి తీసుకెళ్తే షాపాయన "ఇది మీకెందుకండీ, పడేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. గీతలతో నాకేం పని, స్పీకర్ మోగుతోంది, కీబోర్డు పని చేస్తోంది, ఇంకేం కావాలి అనిపించింది. అప్పట్నుంచి దాన్నే వాడుతున్నా, అందుకే ఇది రాస్తున్నా, పాత మెషీన్ ఉన్నవాళ్లకి పనికొస్తుందని.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. స్క్రీన్ మీదున్నది పైకి చదివి చెప్పే సాఫ్ట్‌వేర్, అంటే స్క్రీన్ రీడర్ కావాలి కదా అని ఫ్రీగా దొరికే ఎన్‌వీడీఏ లేటెస్ట్ దించేశా, అది ఇన్‌స్టాల్ అవ్వలేదు, ఎర్రర్ ఏదో వచ్చిందంట, కానీ దాన్ని చదివి చెప్పే గొంతు ఇంకా లేదు కదా, ఒక పూటంతా ఎంటర్ కొడుతూ కూర్చున్నా. తర్వాత తెలిసింది, ఎన్‌వీడీఏ 2024.1 వెర్షన్ నుంచి విండోస్ 7 సపోర్ట్ తీసేశారు. విండోస్ 7కి ఆఖరిది 2023.3.4. ఎక్స్‌పీ, విస్టా ఉంటే 2017.3 దాకే. ఈ పాతవన్నీ ఎన్‌వీడీఏ చేసేవాళ్ల సైట్‌లో డౌన్‌లోడ్ ఫోల్డర్లలో ఇప్పటికీ ఉన్నాయి, ఫ్రీగానే. మీ విండోస్ ఏదో తెలుసుకుని దానికి సరిపోయే నంబర్ దించుకోవడమే సగం పని, దయచేసి ఇది ముందు చూసుకోండి.

సరైన ఫైల్ రన్ చేసినప్పుడు ఏమైందో చెప్పాలి. కాసేపు ఏమీ లేదు, తర్వాత చిన్న మ్యూజిక్ మోగింది, అది ఆగేలోపే గొంతు వచ్చేసింది. ఇంకా ఇన్‌స్టాల్ కూడా కాలేదు, ఇన్‌స్టాలరే మాట్లాడుతోంది! ట్యాబ్ కొడుతూ వింటూ లైసెన్స్ చెక్‌బాక్స్ పెట్టి ఇన్‌స్టాల్ బటన్ నేనే నొక్కా, పక్కన ఎవరూ లేరు. ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నానో.

ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే ఆయన మొదలుపెట్టారు, ఆయనకీ చూపు లేదు, అందుకేనేమో చిన్న చిన్న విషయాలు కూడా మనసెరిగినట్టు ఉంటాయి. ఉదాహరణకి ఫైల్ కాపీ అవుతుంటే బీప్ వస్తుంది, పని ముందుకు వెళ్లేకొద్దీ ఆ బీప్ శ్రుతి పెరుగుతూ పోతుంది, ఎంతయిందో అడగక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది.

గొంతు సంగతి. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే గొంతు పేరు ఈస్పీక్, మొదటి వారం రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వదలకండి. పాత ప్రాసెసర్ మీద దానంత చురుగ్గా మాట్లాడే గొంతు నాకింకోటి దొరకలేదు, కీ నొక్కగానే పలుకుతుంది. తెలుగు కూడా చదువుతుంది, ఒత్తులు కొన్నిచోట్ల వింతగా పలుకుతుంది గానీ అర్థమవుతుంది. ఇప్పుడు నేను ఎంత స్పీడ్‌లో పెట్టానంటే ఇంట్లోవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు.

లేనివి కూడా చెప్పాలి. ఫొటోలో ఉన్న అక్షరాలు చదివించే కమాండ్ విండోస్ 10 నుంచే పని చేస్తుంది, ఇందులో లేదు. బ్రౌజర్ కూడా ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్, క్రోమ్ 109, అక్కడితో ఆగిపోతాయి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరిలోనే ఆపేసింది కాబట్టి డబ్బు పనులు దీంట్లో చేయను, మెయిల్, రాసుకోవడం, చదువుకోవడం, అంతవరకే. ఒక సైట్‌లో ఫారం నింపబోతే ఎక్కడికెళ్లినా "బటన్, బటన్, బటన్" అనే వినిపించింది, ఏ బటనో పేరు పెట్టలేదు వాళ్లు, అది స్క్రీన్ రీడర్ తప్పు కాదు, సైట్ చేసినవాళ్లకి ఒక్క పదం రాయడానికి ఓపిక లేకపోయింది, చాలా బాధనిపించింది.

జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ కూడా చూశా, మంచి సాఫ్ట్‌వేర్, కానీ డబ్బు పెట్టాలి, కొనకుండా వాడితే 40 నిమిషాలకి ఆగిపోతుంది, మళ్లీ కావాలంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. పాత మెషీన్ లేచి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో వాడేవాళ్లకి తెలుసు. విండోస్ 7లోనే ఉండే స్క్రీన్ రీడర్ నేరేటర్‌తో వెబ్ పేజీలు చదవడం అయ్యే పని కాదు. విండోస్ బదులు లినక్స్ ఇష్టమైతే, డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాలర్ మెనూలో ఎస్ కొట్టి ఎంటర్ కొడితే మాట్లాడుతూ ఇన్‌స్టాల్ అవుతుంది, 32 బిట్ మెషీన్ అయితే డెబియన్ 12 తీసుకోండి, 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు.

హార్డ్‌వేర్‌లో నేను పెట్టిన ఖర్చు రెండిటి మీదే. ఒకటి నంబర్ ప్యాడ్ ఉన్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు. నంబర్ ప్యాడ్‌లో 7, 8, 9 లైన్లు, 4, 5, 6 పదాలు, 1, 2, 3 అక్షరాలు చదివిస్తాయి, ప్రతి వరుసలో ఎడమది వెనక్కి, మధ్యది ఉన్నచోటే, కుడిది ముందుకి. ఒక చేత్తో స్క్రీన్ మొత్తం తడిమి చూసినట్టే ఉంటుంది. నంబర్ ప్యాడ్ లేకపోతే సెట్టింగ్స్‌లో ల్యాప్‌టాప్ లేఅవుట్ పెట్టుకుని క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా (కమాండ్లకి నొక్కి పట్టుకునే కీ) వాడొచ్చు, కానీ కీలన్నీ దగ్గర దగ్గరగా ఉండి నాకు వేళ్లు చిక్కుపడ్డాయి.

రెండోది బొటనవేలంత యూఎస్‌బీ సౌండ్ కార్డ్. ఇది మాత్రం తప్పకుండా ఉంచుకోండి. ఒకరోజు హెడ్‌ఫోన్ సాకెట్ లూజ్ అయి మాట మధ్యలో ఆగిపోయింది, చూపున్నవాళ్లకి మానిటర్ ఆరిపోతే ఎలా ఉంటుందో నాకు అలా అయింది. ఆ సౌండ్ కార్డ్ గుచ్చి, ఎన్‌వీడీఏని మళ్లీ మొదలుపెట్టే కంట్రోల్ ఆల్ట్ ఎన్ కొట్టా, గొంతు తిరిగొచ్చింది.

బయోస్‌లోకి వెళ్లాలంటే మాత్రం ఏ స్క్రీన్ రీడరూ రాదు, విండోస్ లేవకముందు స్క్రీన్ అది. నేను బీ మై ఐస్ యాప్‌లో కాల్ చేసి ఫోన్ కెమెరా స్క్రీన్‌కి పెడితే ఒక వాలంటీర్ చాలా ఓపిగ్గా చదివి చెప్పారు, బాణం కీ ఎన్నిసార్లు కొట్టాలో కూడా.

చివరిగా, ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలో పోర్టబుల్ కాపీ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) చేసుకునే ఆప్షన్ ఉంది, ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఎవరి కంప్యూటర్ దగ్గరైనా గుచ్చి పని చేసుకోవచ్చు. అయితే అది లాగిన్ స్క్రీన్ దగ్గర, అడ్మిన్ పర్మిషన్ అడిగే బాక్స్ దగ్గర మాట్లాడదు, కాబట్టి సొంత మెషీన్‌లో పూర్తిగా ఇన్‌స్టాల్ చేసుకోండి, పెన్‌డ్రైవ్‌ది బయటికి వెళ్లినప్పటికి.