పిల్లల పట్ల సర్కారు బాధ్యత: ఆస్ట్రేలియాలో ఏ దారి మేలు?

వాతావరణ మార్పు వల్ల పిల్లలకు జరిగే హానికి ప్రభుత్వం చేత జవాబు చెప్పించడానికి ఆస్ట్రేలియాలో మూడు దారులున్నాయి: నిర్లక్ష్యం కింద దావా (జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత తప్పి హాని చేశారంటూ వేసే సివిల్ కేసు), రాష్ట్ర మానవ హక్కుల చట్టం, పార్లమెంటు చేసే కొత్త చట్టం.

మొదటిదానికి పేరెక్కువ, ఫలితం తక్కువ. వికరీ బొగ్గు గని విస్తరణ మీద ఎనిమిది మంది టీనేజర్లు వేసిన శర్మ కేసులో, పిల్లలకు గాయం గానీ మరణం గానీ కలగకుండా చూసే బాధ్యత పర్యావరణ మంత్రికి ఉందని 2021 మేలో ఫెడరల్ కోర్టు జడ్జి జస్టిస్ బ్రోమ్‌బర్గ్ తేల్చారు. ఆ విస్తరణతో అదనంగా వెలువడేది సుమారు 10 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్. అయినా గని ఆపమని ఉత్తర్వు ఇవ్వలేదు. సెప్టెంబరులో మంత్రి అనుమతి ఇచ్చేశారు. ఈ గని లేకపోతే ఆ బొగ్గు ఇంకెక్కడినుంచో వస్తుంది కదా అన్నది ఆమె చూపిన కారణాల్లో ఒకటి. 2022 మార్చిలో అప్పీలు విన్న ఫుల్ కోర్టు (అదే ఫెడరల్ కోర్టులోని ముగ్గురు జడ్జీల బెంచ్) ఆ బాధ్యతనే కొట్టేసింది. ముగ్గురు జడ్జీలు, మూడు వేర్వేరు దారుల్లో తర్కం, ఒకటే ముగింపు. ఇది ప్రభుత్వ విధానానికి సంబంధించిన విషయం, కోర్టులు తేల్చేది కాదని చీఫ్ జస్టిస్ ఆల్సప్ అంటే, మంత్రి నిర్ణయానికీ పిల్లలకు జరిగే హానికీ తగినంత దగ్గరి సంబంధం లేదని జస్టిస్ బీచ్ అన్నారు.

ఇక్కడ ఓడింది సైన్స్ కాదు. దాన్ని మంత్రి తరఫువారు పెద్దగా కాదనలేదు కూడా. కాబట్టి ఇంకా బలమైన నిపుణుల నివేదికలు పట్టుకుని మళ్లీ ఇదే దావా వేస్తే ఖర్చే మిగులుతుంది. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న టోరెస్ జలసంధి ద్వీపవాసులు సమాఖ్య ప్రభుత్వం మీద వేసిన పబాయ్ కేసు 2025 జులైలో అలాగే ముగిసింది: నష్టం నిజమేనని జడ్జి ఒప్పుకున్నారు, కానీ ఉద్గార లక్ష్యాలు విధాన నిర్ణయాలు గనుక నిర్లక్ష్యం చట్టం వాటి జోలికి రాదన్నారు.

రెండో దారి ఇరుకే గానీ నడుస్తుంది. క్వీన్స్‌లాండ్ మానవ హక్కుల చట్టం, 2019 ఆధారంగా యూత్ వెర్డిక్ట్ అనే యువజన బృందం వారాటా కోల్ కంపెనీ గనిని వ్యతిరేకించింది. అనుమతి ఇవ్వొద్దని 2022 నవంబరులో ఆ రాష్ట్రంలో గనులపై అభ్యంతరాలు వినే ల్యాండ్ కోర్టు సిఫారసు చేసింది. పిల్లల హక్కులను లెక్కలోకి తీసుకుంది. ‘మేం తవ్వకపోతే ఇంకొకరు తవ్వుతారు’ అనే వాదన అక్కడ చెల్లలేదు. లోపమల్లా, అలాంటి చట్టం సమాఖ్య స్థాయిలో లేదు.

మూడోదే నా ఓటు. సెనేటర్ డేవిడ్ పోకాక్ 2023లో తెచ్చిన బిల్లులో రెండు బాధ్యతలున్నాయి: నిర్ణయానికి ముందు పిల్లల ఆరోగ్యాన్ని పరిగణించాలి, బొగ్గు, చమురు, గ్యాస్ విషయంలో వారికి చెప్పుకోదగ్గ ముప్పు ఉంటే అనుమతే ఇవ్వకూడదు. అసలు పస రెండోదానిలోనే ఉంది. ‘పరిగణించాను’ అని ఫైలులో ఒక పేరా రాసి మంత్రి సంతకం పెట్టేస్తే, న్యాయ సమీక్షలో కోర్టు చూసేది నిర్ణయం చట్టబద్ధమా కాదా అన్నదే, మంచిదా కాదా అన్నది కాదు. చట్టం రాసేవారు మరో మాట కూడా తప్పక చేర్చాలి: ఎగుమతి చేసిన బొగ్గు పరాయి దేశంలో కాలితే వచ్చే ఉద్గారాలనూ లెక్కించాలని. ఆ మాట లేకపోతే వికరీ 10 కోట్ల టన్నుల్లో అధిక భాగం కాగితం మీద కనబడదు. అయితే పోకాక్ బిల్లును ఆమోదించొద్దని 2024లో సెనేట్ కమిటీ చెప్పింది.