పాత ప్లాటర్‌కి కొత్త రేడియో: రెండు వేట సీజన్లు వాడాక

మా బోటు భావనపాడు ఉప్పుటేరులో ఉంటుంది. కేబిన్ ఉన్న ఫైబర్ బోటు, 12 ఓల్టుల బ్యాటరీ. కేబిన్‌లో చార్ట్‌ప్లాటర్, అంటే సముద్రపు పటం మీద మన బోటు ఉన్న చోటు చూపించే తెర, ఒకటి ఎప్పటి నుంచో ఉంది, దానికి ఇప్పటికీ ఏ లోటూ లేదు. దాని పక్కనున్న వీహెచ్ఎఫ్ సెట్‌లోకే, అంటే బోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రేడియోలోకే, ఉప్పునీరు దిగింది. మైకు నొక్కితే అవతలికి గరగర తప్ప మాట పోయేది కాదు. మొన్నటి ఏడాది వేట నిషేధంలో, అంటే ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య, దాన్ని పీకేసి డీఎస్సీ (బటన్ నొక్కితే ఆపద కబురు దానంతట అదే పంపే ఏర్పాటు) ఉన్న కొత్త సెట్ పెట్టించాను. 25 వాట్లది, లోపల సొంత జీపీఎస్ లేనిది. కంపెనీ పేరు రాయడం లేదు. సెట్ ఏదైనా పని మాత్రం ఇదే.

పెట్టిన కుర్రాడు కరెంటు ఇచ్చాడు, యాంటెన్నా కేబుల్ బిగించాడు, ఛానెల్ 16లో మాట్లాడి చూపించి వెళ్ళిపోయాడు. సెట్ వెనక సన్నటి రంగు తీగలు నాలుగు, టేపు చుట్టి వేలాడుతున్నాయి. అవేమిటని నేను అడగలేదు. సెట్ తెర మూలన పొజిషన్, అంటే మనం ఉన్న చోటు అంకెలు, ఉండాల్సిన దగ్గర గీతలే ఉండేవి. దాన్నీ పట్టించుకోలేదు. మాట బాగా వినపడుతోంది కదా అనుకున్నాను.

మూడు నెలలు అలాగే వేటకెళ్ళాం. మా బావమరిది బోటులోనూ డీఎస్సీ సెట్ ఉంది, దానికి సొంత జీపీఎస్ ఉంది. ఒక సాయంత్రం వాడి సెట్‌కి టెస్ట్ కాల్ చేశాను, తర్వాత వాడు నా పొజిషన్ అడిగి చూశాడు. "బావా, నీ నంబరొచ్చింది గానీ నువ్వెక్కడున్నావో ఏటీ రానేదు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డీఎస్సీ సెట్‌కి ఎర్ర మూత కింద ఒక బటన్ ఉంటుంది. మూత ఎత్తి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఛానెల్ 70లో ఆపద కబురు దానంతట అదే పోతుంది. అందులో బోటుని గుర్తుపట్టే తొమ్మిదంకెల ఎంఎంఎస్ఐ నంబరు ఉంటుంది, సెట్‌కి తెలిస్తే మనం ఉన్న చోటు కూడా ఉంటుంది. మన దేశపు నంబర్లు 419తో మొదలవుతాయి. మా సెట్‌కి చోటు తెలియదు. అంటే బోటులోకి నీళ్ళొస్తుంటే ఎవడో ఒకడు ప్లాటర్ తెర చూసి డిగ్రీలూ నిమిషాలూ మైకులో చదవాలి. గాలిలో, వానలో, చేతులు వణుకుతూ. అక్టోబరులో మా తీరం సంగతి మాకు తెలుసు, 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గరే ఒడ్డెక్కింది. మర్నాడే ఆ తీగల పని మొదలుపెట్టాను.

ప్లాటర్‌కి తెలిసినది రేడియోకి చెప్పే భాషని ఎన్ఎంఈఏ 0183 అంటారు. పాత పద్ధతే, మా లాంటి బోటుకి చాలు. ఒకటి మాట్లాడుతుంది, ఒకటి వింటుంది. కాబట్టి ప్లాటర్ 'అవుట్' తీగ రేడియో 'ఇన్' తీగకి పోవాలి, రేడియో 'అవుట్' ప్లాటర్ 'ఇన్'కి పోవాలి. నేను మొదట అవుట్‌ని అవుట్‌కే కలిపాను. పేరు ఒకటే కదా, రెండూ జత అనిపించింది. ఇద్దరూ మాట్లాడేవాళ్ళే, వినేవాడు లేడు. రంగు చూసి కలపడం ఇంకా పెద్ద తప్పు. ఒక కంపెనీ నీలం తీగలో పంపితే ఇంకో కంపెనీ నీలంలో అందుకుంటుంది. రెండు సెట్ల పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, కాగితం మీద గీసుకుని, అప్పుడు కత్తెర పట్టాలి.

మా ప్లాటర్ పాతది కాబట్టి పంపడానికి ఒక తీగ, అందుకోవడానికి ఒక తీగ, మిగతాది నెగటివ్. రేడియోకి మాత్రం ఇన్‌లో ప్లస్ మైనస్, అవుట్‌లో ప్లస్ మైనస్, మొత్తం నాలుగు. ఇన్ ప్లస్‌ని ప్లాటర్ అవుట్‌కి ఇచ్చి, ఇన్ మైనస్‌ని ప్లాటర్ నెగటివ్‌కి కలిపాను. అవుట్ ప్లస్ ప్లాటర్ ఇన్‌కి పోయింది. మిగిలిన అవుట్ మైనస్‌ని నెగటివ్‌కి తగిలించకుండా చివర మూసేసి వదిలేశాను. మిగిలింది కదా అని దాన్ని నెగటివ్‌కి కట్టేస్తే రేడియో పంపే సర్క్యూట్ మీద భారం పడుతుంది. మీ ప్లాటర్‌కీ నాలుగు తీగలుంటే ఏ జత ఆ జతకే పోతుంది, ఈ తలనొప్పే ఉండదు.

అన్నీ సరిగ్గా కలిపాక కూడా తెర మీద గీతలే. ఒక రోజంతా తీగలు విప్పి మళ్ళీ కలిపాను. తప్పు తీగల్లో లేదు. ప్లాటర్ సెట్టింగుల్లో ఆ పోర్టు 38400 వేగంలో ఉంది. అది ఏఐఎస్ పెట్టెల కోసం, అంటే చుట్టుపక్కల ఓడలు ఎక్కడున్నాయో చూపించే వాటి కోసం, వాడే వేగం. మా రేడియో 4800లో వింటుంది. అక్కడ మార్చిన క్షణంలో తెర మీద ఉత్తరం 18 డిగ్రీలు, తూర్పు 84 డిగ్రీలు వచ్చి నిలబడ్డాయి, పక్కన టైము సెకన్లతో సహా కదిలింది. టైము ఐదున్నర గంటలు వెనక ఉంటే కంగారు పడకండి, అది ఉపగ్రహాల నుంచి వచ్చే టైము. సెట్టింగులో ఐదున్నర కలిపితే మనది అవుతుంది.

తర్వాతి గొడవ కరెంటుది. 25 వాట్లలో మైకు నొక్కితే ప్లాటర్ ఆరిపోయి మళ్ళీ వెలిగేది. రెంటికీ ఒకే సన్న తీగ, బ్యాటరీ నుంచి ఐదు మీటర్ల దూరం. మాట్లాడేటప్పుడు రేడియో ఐదారు ఆంపియర్లు లాగుతుంది. ఒక చదరపు మిల్లీమీటర్ తీగలో పోనూ రానూ పది మీటర్లకి దాదాపు ఒక ఓల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ కాస్త నీరసంగా ఉన్నరోజు ఆ ఓల్టు చాలు ప్లాటర్‌ని పడుకోబెట్టడానికి. రేడియోకి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేశాను. ఆ తర్వాత ప్లాటర్ ఒక్కసారీ ఆరలేదు. ఆపద కబురు పంపే క్షణంలోనే చోటు చెప్పే యంత్రం ఆరిపోతే ఈ శ్రమంతా దేనికి?

నవంబరులో పొజిషన్ మళ్ళీ పోయింది. సెట్ కూత పెట్టి చెప్పింది గానీ ఇంజన్ చప్పుడులో మాకు వినపడలేదు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. తీగ తెగినా సెట్ చివరి చోటుని 23 గంటల 30 నిమిషాల దాకా గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతే తుడిచేస్తుంది. తెర మీద అంకెలున్నాయి కదా అని నమ్మితే అవి పొద్దుటి రేవు అంకెలు కావచ్చు. విప్పి చూస్తే నేను మెలితిప్పి టేపు చుట్టిన అతుకు పచ్చగా చిలుము పట్టి ఉంది. ఈసారి తగరం పూత ఉన్న తీగ, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం వాడి, అతుకులన్నీ మూత బిగించే డబ్బాలో పెట్టాను. తర్వాతి సీజనంతా వేలు పెట్టాల్సిన పని పడలేదు.

సెట్ సంగతి క్లుప్తంగా. మాట స్పష్టం. మిట్టమధ్యాహ్నం తెర కనపడదు, చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. మైకు తీగ పొట్టి. కేబిన్‌లో చవక ఎల్ఈడీ దీపం వెలిగిస్తే గరగర వచ్చేది, దీపం మార్చాక పోయింది. మా రెండు బోట్ల యాంటెన్నాలూ నీటి మీద నాలుగేసి మీటర్ల ఎత్తు, కాబట్టి తొమ్మిది నాటికల్ మైళ్ళు దాటితే ఒకరి మాట ఒకరికి అందదు. తీగలు కలిపినంత మాత్రాన అది పెరగదు. ఒడ్డు నుంచి ఫోను అందే చోట కోస్ట్ గార్డ్ 1554 నంబరే దిక్కు. ఎంఎంఎస్ఐ నంబరు బోటుది, సెట్‌ది కాదు. పాత నంబరునే కొత్త దాంట్లో ఎక్కించాలి. చాలా సెట్లలో ఒకసారి తప్పు ఎక్కిస్తే దిద్దడానికి కంపెనీకే పోవాలి, కాబట్టి పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి అంకె అంకె చదివించుకోండి.

రేడియో నుంచి ప్లాటర్‌కి వెనక్కి పోయే తీగని చాలామంది వదిలేస్తారు. నేనూ వదిలేసేవాణ్ణే. మొన్న జనవరిలో బారువ ఎదురుగా రాత్రి పూట బావమరిది ఇంజన్ ఆగిపోయింది. నేను రేడియోలో వాడి పొజిషన్ అడిగాను, వాడి సెట్ దానంతట అదే జవాబిచ్చింది. వాడి బోటు గుర్తు నా ప్లాటర్ మీద పడింది. సరంగు మావ దానివైపు ముక్కు తిప్పాడు, అంతే. వాడికి మాత్రం ఆ సుఖం లేదు. సెట్‌లోనే జీపీఎస్ ఉంది కదా అని ప్లాటర్‌తో కలపలేదు, నేను పిలిస్తే నా అంకెలు కాగితం మీద రాసుకుని ప్లాటర్‌లో కొట్టుకోవాలి. తగరం పూత తీగ ఇంకో ఆరు మీటర్లు నా దగ్గర మిగిలింది. ఈ నిషేధంలో వాడి బోటుకి లాగుతాను.