సైకిల్‌కి ఏ దారి మేలు: సౌత్ డౌన్సా, రిడ్జ్‌వేనా, సరీ హిల్సా?

మా బావమరిది ఆదివారం వస్తే సైకిల్‌ని కారు వెనక కట్టుకుని హైదరాబాద్ నుంచి అనంతగిరి గుట్టలకు పోయే రకం. ఆఫీసు పని మీద లండన్ వస్తున్నానని, ఒక శనివారం ఖాళీ దొరుకుతుందని మొన్న ఫోన్ చేశాడు. "బావా, సౌత్ డౌన్స్ అంటున్నారు, రిడ్జ్‌వే అంటున్నారు, సరీ హిల్స్ అంటున్నారు. మూడిట్లో ఏది మేలో ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. ఏ నెలలో వస్తున్నావో ముందు అది చెప్పమన్నాను.

దాటవేయడానికి అన్న మాట కాదది. నేను లండన్‌కి పడమరనున్న రెడింగ్‌లో ఉండబట్టి ఎనిమిదేళ్లు. దక్షిణ ఇంగ్లండులోని ఈ మూడు చోట్లా ఎండలోనూ తొక్కాను, వానలోనూ తొక్కాను. ఫొటోల్లో చూస్తే మూడూ పచ్చటి ఎత్తుపల్లాలే. చక్రం కింద ఉన్న నేల మాత్రం వేరు.

సౌత్ డౌన్స్, రిడ్జ్‌వే రెండూ సుద్దకొండలు. బడిలో బోర్డు మీద రాసిన సుద్దముక్క లాంటి తెల్లటి మెత్తరాయి, దాని మధ్యలో గుచ్చుకున్న చెకుముకి రాళ్లు. సరీ హిల్స్‌లో సైకిళ్లు తిరిగే గుట్టలు ఇసుకరాయివి. సుద్ద తడిసిందంటే సబ్బుబిళ్ల మీద తొక్కినట్టే. దాంతో కలిసిన బంకమట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగడం మానేస్తుంది. వానాకాలంలో నల్లరేగడి పొలంలో సైకిల్ నడిపించుకుంటూ పోయినవాళ్లకు ఆ బాధ చెప్పనక్కర్లేదు. ఇసుకనేల అలా కాదు, నీళ్లు దిగిపోతాయి. పల్లపు చోట్ల బురద ఉంటుంది గానీ పొద్దున వాన కురిసినా మధ్యాహ్నానికి తొక్కడానికి పనికొస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక మొదటి ఏడాది జనవరిలో రిడ్జ్‌వే మీదికి వెళ్లాను. సైకిల్ నన్ను మోయాల్సింది పోయి నేనే దాన్ని మోశాను.

ఎండాకాలమైతే నా ఓటు సౌత్ డౌన్స్‌కే. అన్నట్టు ఇక్కడ 'డౌన్స్' అంటే కింద అని కాదు, పాత ఇంగ్లీషులో కొండ అని. పేరు చూసి అంతా దిగుడే అనుకున్నవాళ్లు మొదటి గంటలోనే అర్థం చేసుకుంటారు. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్ల దారి ఇది, పేరు సౌత్ డౌన్స్ వే. 1972లో మొదట కొంత భాగం తెరిచారు, వించెస్టర్ దాకా తర్వాత పొడిగించారు. మొదటి నుంచి చివరిదాకా సైకిల్ మీద చట్టబద్ధంగా పోవచ్చు. నేషనల్ ట్రెయిల్స్ అని ఇంగ్లండులో గుర్తించిన సుదూర దారుల్లో చాలావాటికి ఆ వెసులుబాటు లేదు. ఒక్కో కొండా చూస్తే పెద్దదేం కాదు, బట్సర్ హిల్ 270 మీటర్లు, డిచ్లింగ్ బీకన్ 248. కానీ నది వచ్చిన ప్రతిచోటా కిందికి దిగాలి, మళ్లీ మొత్తం ఎక్కాలి. మొత్తం దారిలో ఎక్కుడు దాదాపు నాలుగు వేల మీటర్లు అవుతుంది. కాళ్లలో బలం ఉన్నవాళ్లు దీన్ని ఒక్క రోజులో ముగిస్తారు. ఇంకా మొండివాళ్లు వెళ్లి, తిరిగి వచ్చి, రెండూ 24 గంటల్లో పూర్తిచేస్తారు. వాళ్ల గురించి నేను వ్యాఖ్యానించను.

ఒక్క రోజే ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఆంబర్లీ నుంచి సౌత్‌ఈజ్ దాకా. రెండు చోట్లా దారి పక్కనే రైలు స్టేషన్ ఉంది. 50 కిలోమీటర్లకు పైనే అవుతుంది. ఆంబర్లీలో రైలు దిగగానే ఒళ్లు వేడెక్కకముందే నిట్టనిలువు ఎక్కుడు, అక్కడ దిగి నడిపిస్తే సిగ్గుపడాల్సిన పని లేదు. పైకి చేరాక గంటల తరబడి కొండ వీపు మీదే ప్రయాణం. కుడివైపు దూరంగా సముద్రం మెరుస్తుంటుంది, ఎడమవైపు పొలాలు, ఊళ్లు, చర్చి గోపురాలు. అడర్ నది దగ్గర మంచినీళ్ల కుళాయి ఉంది, సీసాలు నింపుకోకుండా అక్కడి నుంచి కదలొద్దు. తర్వాత డెవిల్స్ డైక్ లోయ, జాక్, జిల్ అనే జంట గాలిమరలు, డిచ్లింగ్ బీకన్. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి పడమర నుంచి తూర్పుకి తొక్కితే వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది. ఇది మర్చిపోయి ఎదురు దిశలో వెళ్లిన రోజు ఇరవై కిలోమీటర్లకే పులిహోర డబ్బా ఖాళీ చేశాను.

బాగోలేనివి కూడా చెప్పాలి. అడుగడుగునా గేట్లు. దిగడం, గొళ్లెం తీయడం, సైకిల్ దాటించడం, మళ్లీ వేయడం. లోపల ఆవులు, గొర్రెలు మేస్తుంటాయి కాబట్టి వేయకపోతే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. నీడ అసలే లేదు. చెకుముకి రాయి సంగతి మరీ ఘోరం. కొండ మీద గుండ్రటి చెట్ల గుంపు ఉన్న ఛాంక్టన్‌బరీ రింగ్ దాటాక నా వెనక టైరు పక్కగోడ కత్తితో కోసినట్టు తెగింది. ట్యూబ్‌లెస్ టైరులోని జిగురు చిన్న చిల్లులు మూస్తుంది గానీ అంత కోతను మూయదు. చాక్లెట్ రేపర్ మడిచి లోపల అడ్డం పెట్టి, కొత్త ట్యూబు వేసి ఇల్లు చేరాను. ఇక చివర్లో ఈస్ట్‌బోర్న్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. సెవెన్ సిస్టర్స్ తెల్లకొండల మీదుగా వెళ్లేది నడిచేవాళ్లకు, సైకిళ్లు జెవింగ్టన్ మీదుగా లోపలి దారిలో పోవాలి. సముద్రం అంచున తెల్లకొండ మీద సైకిల్‌తో ఫొటో అనుకుని వచ్చేవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది.

రిడ్జ్‌వే మొత్తం 139 కిలోమీటర్లు, ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగ్‌హో బీకన్ దాకా. సైకిల్‌వాళ్లకు పనికొచ్చేది పడమటి సగమే, థేమ్స్ ఒడ్డున స్ట్రీట్లీ వరకు. తూర్పు సగంలో మధ్యమధ్య ఫుట్‌పాత్‌లు వస్తాయి. మనకు ఫుట్‌పాత్ అంటే టిఫిన్ బండ్లు ఉండే రోడ్డు పక్క అరుగు, ఇక్కడ మాత్రం పొలాల్లో కేవలం నడకకు వదిలిన దారి. వచ్చిన కొత్తలో ఆ తేడా తెలియక ఒకదాని మీద సైకిల్ తొక్కి, రెండు కుక్కలతో వస్తున్న ఒక పెద్దావిడ చేత చాలా మర్యాదగా చీవాట్లు తిన్నాను. గుర్తుపట్టడం తేలికే. పసుపు బాణం ఉంటే నడక, నీలం ఉంటే బ్రిడిల్‌వే. గుర్రాల కోసం పుట్టిన ఆ బ్రిడిల్‌వేల మీదికి సైకిళ్లను రానిచ్చింది 1968 నాటి కంట్రీసైడ్ చట్టం. గుర్రానికీ మనిషికీ దారి ఇవ్వాలన్నది అందులోని షరతు. గుర్రం కనిపిస్తే దూరం నుంచే "హలో" అని, నెమ్మదించి, ఎడంగా పోవాలి. బెదిరిన గుర్రం తన్నితే సైకిల్ హెల్మెట్ ఆదుకోదు.

రిడ్జ్‌వే వెడల్పాటి దారి, ఎక్కుళ్లు నిటారుగా ఉండవు, గేట్లు తక్కువ. కొత్తవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు దీన్ని మించింది లేదు. ఖరీదైన సైకిల్ అక్కర్లేదు, ముందు ఫోర్కుకి మాత్రమే సస్పెన్షన్ ఉన్నది చాలు. స్విండన్ దాకా రైల్లో వెళ్లి, స్ట్రీట్లీకి ఎదురు ఒడ్డున ఉన్న గోరింగ్ వైపు తొక్కుకుంటూ వస్తే గాలి వెనక నుంచి ఉంటుంది, చివర్లో థేమ్స్ దాకా హాయిగా దిగుడు. మధ్యలో ఉఫింగ్టన్ తెల్లగుర్రం, మూడు వేల ఏళ్ల కిందట కొండ మీద గాడి తవ్వి సుద్దతో నింపిన 110 మీటర్ల బొమ్మ. తమాషా ఏమిటంటే దారి మీంచి చూస్తే అది గుర్రమని తెలియదు, తెల్ల గీతలే. కొంచెం ముందే వేలాండ్స్ స్మిథీ అనే రాతి సమాధి వస్తుంది, ఐదు వేల ఏళ్లు దాటినది. రాత్రి అక్కడ గుర్రాన్ని, ఒక నాణేన్ని వదిలిపెడితే తెల్లారేసరికి కనబడని కమ్మరి నాడాలు కొట్టి ఉంచుతాడని కథ. సైకిల్‌కి గేర్లు సరిచేస్తాడేమో కనుక్కోవాలి. ఊళ్లు కొండ కింద దూరంగా ఉంటాయి కాబట్టి నీళ్లు, తిండి మోసుకెళ్లాల్సిందే. నిజం చెప్పాలంటే మూడోసారికి నాకు కొంచెం విసుగొచ్చింది. తిన్నగా పోతూనే ఉంటుంది.

సరీ హిల్స్ పూర్తిగా వేరే ఆట. ఇక్కడ ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోవడం ఉండదు. హోంబరీ, పిచ్, లీత్ అనే గుట్టలు ఎక్కడం, అడవిలో సన్నటి మెలికల దారుల్లో దిగడం, మళ్లీ ఎక్కడం. చెట్ల వేర్లు, గుంతలు, ఒడ్డు కట్టిన మలుపులు. 'బ్యారీ నోస్ బెస్ట్', 'యోగర్ట్ పాట్స్' లాంటి పేర్లు. ఇందులో హర్ట్‌వుడ్ అడవి సొంత ఆస్తి, అయినా 1926 నుంచి జనాన్ని తిరగనిస్తున్నారు. కాబట్టి అక్కడి చందా డబ్బాలో నాలుగు పౌండ్లు వేయడానికి చెయ్యి వెనకాడకూడదు. పీస్‌లేక్ ఊరి దుకాణంలో వేడివేడి చీజ్ స్ట్రాలు (చీజ్ వేసి కాల్చిన పుల్లల్లాంటి చిరుతిండి) దొరుకుతాయి, వారాంతంలో ఆ దుకాణం ముందు బురద సైకిళ్లే. దూరాలు చూసేది లేదు, పాతిక కిలోమీటర్లకే ఒళ్లు హూనమవుతుంది. రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిల్ అయితే సరదా రెట్టింపు. మొదటిసారి వెళ్తే ఫోన్‌లో మ్యాప్ ఉండాలి, లేదా తెలిసినవాళ్లు వెంట ఉండాలి. లేకపోతే అడవిలో అదే చెట్టు చుట్టూ తిరుగుతారు. విశాలమైన చూపు కావాలనుకునేవాళ్లకు మాత్రం ఇది నచ్చదు, ఎక్కువసేపు చెట్లే.

మూడిటికీ రైలు ఉంది, వారాంతంలో సైకిల్‌తో ఎక్కడం మామూలుగా ఇబ్బంది కాదు. లండన్ వైపు పనిదినాల రద్దీ వేళల్లో మడవలేని సైకిళ్లను రానివ్వరు. ఆదివారం బయల్దేరేముందు మరమ్మతులు ఉన్నాయేమో చూసుకోవాలి. ఒకసారి రైలు బదులు బస్సు వేశారు, డ్రైవరు సైకిల్ ఎక్కించనన్నాడు. చీకట్లో ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద తొక్కాను, ఇంట్లో టెన్షన్ వేరే.

ఇంతా చెప్పాక మా బావమరిది తాపీగా "నవంబర్ రెండో వారం బావా" అన్నాడు. సౌత్ డౌన్స్ మీద నా ఆశ అక్కడే చల్లారింది. ఇక సరీ హిల్సే. రెడింగ్ నుంచి గామ్‌షాల్‌కి రైలు, అక్కడి నుంచి పీస్‌లేక్ నాలుగైదు కిలోమీటర్లు. అద్దె సైకిల్‌కి బురద టైర్లు వేయించమని, మందపాటి గ్లవ్స్ తెచ్చుకోమని చెప్పాను. నాలుగుంపావుకల్లా పొద్దు గుంకుతుంది కాబట్టి లైట్లు కూడా.